కృష్ణామండలమున విశ్వవిద్యయు వృత్తివిద్యయు



మీ గాదెలలోని ధాన్యపు పేర్లను ఒకమారు స్మరింపుడు. బి.పి.టి. 5204 అను వడ్లను ఎరుగని రైతు కృష్ణా గుంటూరు మండలములలో ఉండడు. సాంబమసూరి యనినను అదియే. పల్లపు పొలములలో విరివిగా వేసిన స్వర్ణ వడ్లకు ఎం.టి.యు. 7029 అని మరియొక పేరు కలదు. ఈ అక్షరములను విత్తనముల యంగడిలోను, ధాన్యపు కాటా దగ్గరను మనము ఎన్నియో మారులు పలికియుందుము. వాని యర్థమేమని విచారించినవారు మాత్రము తక్కువ. బి.పి.టి. యనగా బాపట్ల, ఎం.టి.యు. యనగా మార్టేరు. అవి దూరదేశపు మాటలు గావు, మన యూళ్ల పేళ్లే. ఒకటి వ్యవసాయ కళాశాల గల యూరు. రెండవది 1925లో వరి పరిశోధనాలయము వెలసిన యూరు. చదువుకొన్నవాడు నాగలి పట్టునా యని మన పెద్దలు పరిహాసమాడుట కద్దు. ఆ చదువు మనకు తెలియకుండగనే వచ్చి మన విస్తరిలో కూర్చున్నది.

చదువునకును పనికిని ఇట్లు పొత్తు కుదురుటకు రెండువందల యేండ్లకు కొంచెము తక్కువ కాలము పట్టినది. ఆ పొత్తు ఎట్లు కుదిరినదో, నడుమ ఎన్ని మారులు చెడినదో చెప్పుటయే నేటి ప్రసంగము. ఈ కథలో ఇంగ్లండు దేశపు విశ్వవిద్యాలయములు కొన్ని వచ్చును. వానికిని మనకును సంబంధమేమని తొందరపడవలదు. బందరు అద్దకమువలె ఒక దాని రంగు మరియొకదానికి అంటుకొనియే యున్నది.

మొదట బందరులో జరిగిన యొక మరణమును చెప్పవలెను. మైకేల్ టాపింగు అను ఆంగ్లేయుడు కుంపిణీవారి కొలువులో ఖగోళశాస్త్రజ్ఞుడుగను, భూమి కొలుచు సర్వేయరుగను ఉండెను. తూర్పుతీరమును కొలిచినవాడు, గోదావరీ కృష్ణా ప్రాంతములలో నీటిని గూర్చి పరిశీలించినవాడు అతడు. ఆ పనిమీద తిరుగుచు, 1796వ సంవత్సరము జనవరిలో బందరున జ్వరము తగిలి చనిపోయెను. అతడు చనిపోవుటకు రెండేండ్లకు పూర్వము, అనగా 1794లో, చెన్నపట్టణమున ఒక సర్వే పాఠశాలను పెట్టించెను. దానికి మొదట చేరినవారు ఎనిమిదిమంది బాలురు. కొలుచువారిని ఇంగ్లండునుండి రప్పించుట మిక్కిలి వ్యయము. ఇచ్చటనే పిల్లలను చేరదీసి గొలుసు పట్టుట, కోణము చూచుట, పటము గీయుట నేర్పిన చవుకలో పని జరుగునని కుంపిణీవారి లెక్క. ఉద్దేశము ఏదియైనను ఫలము పెద్దది. ఆ చిన్న బడియే 1859లో సివిలు ఇంజనీరింగు కళాశాల యయ్యెను. 1920లో గిండీకి తరలి, గిండీ ఇంజనీరింగు కళాశాలయని ప్రసిద్ధి చెందెను. ఐరోపాకు వెలుపల ఇంత పాత సాంకేతిక విద్యాలయములు మిక్కిలి అరుదు. దానిని స్థాపించిన వాని కడపటి దినములు మన సముద్రపుటొడ్డున గడచినవి.

బడి పెట్టుట ఒకటి, నీరు పారించుట ఒకటి. టాపింగు గతించిన పిమ్మట అరువదియేండ్లవరకు కృష్ణానీరు సముద్రము పాలయ్యెను. ఆ నడుమ నందననామ సంవత్సరపు కరువు వచ్చెను. 1832, 33 సంవత్సరముల ఆ కరువును డొక్కల కరువని మీ తాతలు చెప్పగా మీరు వినియుందురు. గుంటూరుసీమలో ఊళ్లకు ఊళ్లు శూన్యములయ్యెను. చెన్నపట్టణము పోవు బాట పొడవునను కళేబరములు పడెను. పక్కనే జీవనది పారుచుండగా జనము నీరులేక చచ్చుట కంటె వింత యేమున్నది? తుదకు 1852లో పని యారంభించి, కెప్టెన్ చార్లెస్ ఆర్ అను నింజనీరు, ఇంద్రకీలాద్రికిని సీతానగరపు కొండకును నడుమ, ముప్పాతిక మైలునకు కొంచెము తక్కువ పొడవున ఆనకట్ట కట్టి, 1855లో ముగించెను. దానికి వెనుక దన్నుగా నిలిచినవాడు ధవళేశ్వరమున గోదావరిని కట్టిన ఆర్థరు కాటను.

ఇచ్చట ఒక సంగతి చెప్పక విడువరాదు. ఇసుకలో పునాది నిలుపుటెట్లో కాటను ఏ యింగ్లీషు కళాశాలలోను నేర్చుకొనలేదు. కావేరిపై చోళులు కట్టిన కల్లణను పరిశీలించి, అంతులేని యిసుకపై కట్టడము నిలుపు విద్యను ఆ పూర్వుల వద్దనే గ్రహించితిమని ఆయనయే ఒప్పుకొనెను. ధవళేశ్వరమున ఆయనకు కుడిభుజముగా నిలిచి పని నడపిన వీణెము వీరన్నగారికి పట్టములేవియు లేవు. కనుక మన డెల్టాను పండించిన విద్యలో సగము చెన్నపట్టణపు బడినుండియు, సగము రాయి మోసిన చేతులనుండియు వచ్చెనని నేనందును. ఈ రెండును ఒక్క కప్పుక్రింద చేరియుండిన ఎంత బాగుండెడిది!

చేరలేదు. 1857లో చెన్నపట్టణమున విశ్వవిద్యాలయము వెలసెను. అదే యేట కలకత్తాలోను, బొంబాయిలోను వెలసెను. ఈ మూటికిని మాదిరి లండను విశ్వవిద్యాలయము. లండనుది ఆనాడు ప్రధానముగా పరీక్షలు పెట్టి పట్టములిచ్చు సంస్థ; పాఠము చెప్పుట దానిపని గాదు. మన చెన్నపట్టణపు విశ్వవిద్యాలయమును అట్లే పుట్టెను. బందరు నోబిలు కళాశాల అప్పటికే, 1843 నుండి, పాఠములు చెప్పుచుండెను. అచ్చటి పిల్లవాడు చదివినదానికి విలువకట్టు త్రాసు మాత్రము చెన్నపట్టణమున ఉండెను. ఇంజనీరింగునకు పట్టము లేకపోలేదు. అది పిడికెడు మందికి. తక్కిన వేలమందికి ఇంగ్లీషు వ్యాకరణము, చరిత్ర, తర్కము; వాని తరువాత గుమాస్తాగిరి, వకాల్తా. ఇది చదివినవారి దోషము కాదు. పరీక్షకు దేనిని అడిగిన దానినే బడి నేర్పును. కొలువునకు దేనిని అడిగిన దానినే తండ్రి చదివించును.

ఇంతలో బందరు పరిసరములలో నొక గొప్ప విద్య నశించుచుండెను. దానిని గూర్చి కొంచెము నిలిచి చెప్పెదను.

మన కోస్తా యిసుకనేలలలో చిరివేరు అను నొక చిన్న మొక్క పెరుగును. దాని వేరునుండి ఎఱ్ఱరంగు దిగును. కరకతో, పటికతో, పాలతో, ఎండతో, పారునీటితో ఆ రంగును నూలుబట్టకు వదలకుండ పట్టించు విధమును బందరు, పెడన ప్రాంతముల అద్దకపువారు ఎరుగుదురు. ఆ బట్టకొరకే డచ్చివారు 1605లోను, ఇంగ్లీషువారు 1611లోను బందరున కోఠీలు తెరచిరి. పారసీక దేశమునకును, తూర్పు ద్వీపములకును, ఐరోపాకును మన కలంకారి ఓడలమీద పోయెను. ఆ పనిలో రసాయనశాస్త్రము కలదు. గ్రంథములలో లేదు, పేరు లేదు, చేతిలో ఉండెను. తండ్రి కుమారునకు బాన ప్రక్కన నిలిపి నేర్పెను.

మొదటి దెబ్బ మాంచెస్టరు మరల బట్ట వలన తగిలెను. రెండవది రంగునకే తగిలెను. 1868లో జర్మనీలో గ్రేబే, లీబర్మాన్ అను నిద్దరు పండితులు అలిజరిన్ అను ఎఱ్ఱరంగును ప్రయోగశాలలో, తారునుండి వచ్చు పదార్థముతో తయారుచేసిరి. మరుసటి యేటికే అది వ్యాపారమునకు సిద్ధమయ్యెను. చిరివేరులోని యెఱ్ఱదనమునకు ముఖ్యకారణమును ఆ యలిజరినే! మొక్క పెంపక, వేరు త్రవ్వక, నెలల తరబడి కాచి ఆరవేయక, అదే రంగు డబ్బాలలో దిగుమతి కాజొచ్చెను. అద్దకపువాని చేతిలోని విద్యను పరదేశపు బల్లమీద విప్పిచూచి, పేరు పెట్టి, మరల కూర్చిరి. మన బందరు పనివాడు ఓడినది మరొక పనివానిచే కాదు, విశ్వవిద్యాలయముచే.

అది చూచి ఇంగ్లండును కలవరపడెను. రంగుల విద్యలో జర్మనులు తమ్ము మించిరని వారికి భయము. ఆక్సుఫర్డు, కేంబ్రిడ్జి అను ప్రాచీన విద్యాపీఠములు ఉన్నిగుడ్డకు రంగు వేయుట నేర్పుట తమ గౌరవమునకు తగదనుకొను కాలమది. అందుచే పరిశ్రమల పట్టణములు తమ విద్యాలయములను తామే కట్టుకొనెను. లీడ్సు పట్టణమున 1874లో యార్కుషైరు విజ్ఞాన కళాశాల వెలసెను. దానిలో నేతకును అద్దకమునకును శాఖలు తెరచుటకు ధనమిచ్చినది లండనులోని బట్టలపనివారి పురాతన శ్రేణి. 1880లో మాంచెస్టరున విక్టోరియా విశ్వవిద్యాలయము ఏర్పడగా, 1884లో లివర్పూలును, 1887లో లీడ్సును అందు చేరెను. ఒక్కొక్కటిగా నిలువజాలనివి మూడు కూడి నిలిచెను. పనికి సంబంధించిన చదువు చెప్పు కళాశాలలు జతకట్టుటకు ఇది చక్కని ఉదాహరణము. 1900లో పుట్టిన బర్మింగుహాము విశ్వవిద్యాలయము మద్యము కాచుటకు సయితము ఒక శాఖ నేర్పరచెను. నవ్వవలదు. ఆ యూరివారికి అదియొక పెద్ద పరిశ్రమ; దానికి కావలసిన సూక్ష్మజీవుల శాస్త్రము తక్కువదేమియు గాదు.

మన దేశమున ఈ మేలుకొలుపు వేరొక త్రోవన వచ్చెను. వంగదేశ విభజనపు ఆందోళనములో 1906న కలకత్తాయందు జాతీయ విద్యామండలి ఏర్పడెను. అదియే కాలక్రమమున, 1955లో, జాదవపురపు విశ్వవిద్యాలయమయ్యెను. 1907 ఏప్రిలులో బిపిన్ చంద్రపాలుగారు ఆంధ్రదేశమునకు వచ్చి, రాజమహేంద్రవరము, బెజవాడ, బందరు మున్నగు చోట్ల ఉపన్యసించిరి. విన్నవారిలో ఊరక చప్పట్లు కొట్టి యింటికి పోనివారు కొందరు ఉండిరి. కోపల్లె హనుమంతరావుగారు, పట్టాభి సీతారామయ్యగారు, కృష్ణాపత్రికాధిపతి ముట్నూరి కృష్ణారావుగారు ఒకచో చేరిరి. ఒకరు న్యాయశాస్త్రము చదివినవారు, ఒకరు వైద్యులు, ఒకరు పత్రికా రచయిత. చందాలు పోగుచేసి, 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను తెరచిరి.

ఆ కళాశాలలో నేత, వడ్రంగము, లోహపుపని, చిత్రలేఖనము పుస్తకపాఠములతోపాటు సాగెను. వంగదేశపు చిత్రకారుడు ప్రమోదకుమార చటోపాధ్యాయుడు అచ్చట కళ నేర్పెను; ఆయన శిష్యుడు అడివి బాపిరాజుగారు తరువాత కాలమున అచ్చటనే అధ్యక్షపదవి వహించిరి. 1921లో బెజవాడ కాంగ్రెసు సభకు జెండా నమూనా తెచ్చిన పింగళి వెంకయ్యగారు సయితము ఆ కళాశాలతో సంబంధము గలవారే. ప్రత్తిసాగుమీద చేసిన పరిశ్రమచే ఆయనకు పత్తి వెంకయ్యయని పేరువచ్చెను. జెండాను జ్ఞప్తియందుంచుకొన్నవారు ప్రత్తిని మరచిరి.

ఆ విద్యాలయమునకు ఒక కష్టము కలదు, అది నేటికిని మనకు తెలిసినదే. సర్కారు ముద్రలేని చదువునకు పిల్లవానిని పంపుటకు ఎంతమంది తండ్రులు ధైర్యము చేయుదురు? ఆదర్శమును మెచ్చుకొని, కుమారుని మాత్రము పట్టమిచ్చు కళాశాలకు పంపువారే హెచ్చు. 1922లో హనుమంతరావుగారు నడివయసుననే గతించిరి. ఆయన ప్రాణము పోయుటవలన నిలిచిన సంస్థకు ఆ లోటు తీరలేదు. ముద్రవేయు అధికారము మన చేతిలో ఉండవలెనన్న కోరిక అప్పటికే దేశమంతట వ్యాపించెను.

ఆ కోరికయే ఆంధ్ర విశ్వవిద్యాలయము. 1913లో బాపట్లలో బయ్యా నరసింహేశ్వరశర్మగారి యాధ్యక్ష్యమున మొదటి ఆంధ్ర మహాసభ జరిగెను. మరుసటి యేడు బెజవాడలో న్యాపతి సుబ్బారావుపంతులుగారి యాధ్యక్ష్యమున రెండవది. ఆంధ్రులకు ప్రత్యేక రాష్ట్రము, ప్రత్యేక విశ్వవిద్యాలయము కావలెనను మాట ఆ సభలలో పెరిగెను. విద్యామంత్రి సర్ అన్నెపు పరశురామదాసు పాత్రోగారు చెన్నపట్టణ శాసనసభలో బిల్లు నడపగా, 1925లో చట్టమేర్పడెను. 1926 ఏప్రిలు 26వ తేదీన విశ్వవిద్యాలయము ఆరంభమయ్యెను. ఎచ్చటనందురు? మన బెజవాడలోనే. కట్టమంచి రామలింగారెడ్డిగారు తొలి ఉపాధ్యక్షులు.

ఆ గౌరవము బెజవాడకు నాలుగేండ్లే దక్కెను. చట్టము పుట్టకముందే ఆరంభమైన స్థలవివాదము పుట్టిన తరువాత ఇంకను ముదిరెను. రాజమహేంద్రవరమువారు గోదావరీతీరపు పాండిత్యమును చూపిరి. విశాఖపట్టణమువారు సముద్రపు గాలిని చూపిరి. అనంతపురమువారు తమ సీమకు ఏమియు రాలేదని న్యాయముగనే మొరపెట్టిరి. మన బెజవాడవారు రైలుజంక్షను చూపిరి. రైళ్లు నాలుగు దిక్కులకు పోవుట నిజమే, వానిలో నొకటి విశ్వవిద్యాలయమునే ఎక్కించుకొని పోయెను! 1930 సెప్టెంబరు 5వ తేదీన కేంద్రము వాల్తేరునకు తరలెను. రాయలసీమవారి మనస్తాపము అంతటితో తీరలేదు. 1937 శ్రీబాగు ఒడంబడికలో విశ్వవిద్యాలయపు ప్రస్తావన మొదట చేరుటకు ఇదియే కారణము. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసెను.

బెజవాడవాడను గనుక ఈ తరలింపునకు నేను విచారింపవలసియుండును. విచారము కలదు. అయినను న్యాయము చెప్పవలెనన్న, వాల్తేరులోనే ఆ విశ్వవిద్యాలయము పరీక్షలు పెట్టు సంస్థ అను స్థితినుండి పనినేర్పు సంస్థగా మారెను. జయపురపు మహారాజు విక్రమదేవవర్మగారు ఏటేట లక్షరూపాయలు ఇచ్చుట మొదలిడగా, ఆయన పేర శాస్త్ర సాంకేతిక కళాశాల ఏర్పడెను. అందు రసాయన సాంకేతికమును, చక్కెర తయారుచేయు విద్యయు ప్రవేశించెను. చెరకు పండించు తెలుగుదేశమున చక్కెర వండు విద్యకు విశ్వవిద్యాలయములో పీట వేయుట, లీడ్సువారు అద్దకమునకు పీట వేసినట్టిదే.

అద్దకమనగా మరల రంగు జ్ఞప్తికి వచ్చుచున్నది. వాల్తేరున రసాయనశాస్త్ర శాఖను పెంచిన ఆచార్యుడు తిరువేంకట రాజేంద్ర శేషాద్రిగారు. ఆయన మాంచెస్టరులో రాబర్టు రాబిన్‌సన్ అను మహాపండితునివద్ద పరిశోధనచేసి పట్టము పొందినవారు. మన బట్టను చంపిన యూరు మాంచెస్టరే గదా! ఆ యూరి విద్యను తెచ్చుకొని ఆయన వాల్తేరులో దేనిని పరిశోధించెను? ప్రత్తిపువ్వులోని పసుపుదనమును, మన చెట్లలోని సహజవర్ణములను. ఏ వేరునందు, ఏ పూవునందు ఏ రంగు ఎట్లు ఉన్నదో పరిశోధించి, ప్రపంచమున పేరుపొందెను. బందరు అద్దకపువాడు చేతితో ఎరిగియుండినట్టి సంగతిని ఈతడు గ్రంథమునకెక్కించెను. ఇద్దరును ఒకరినొకరు చూడలేదు. నడుమ డెబ్బదియేండ్లు గడచిపోయెను.

1942 ఏప్రిలులో జపానువారి విమానములు విశాఖపట్టణముమీద బాంబులు వేసెను. వాల్తేరు భవనములు సైన్యము వశమయ్యెను. విశ్వవిద్యాలయము మూటాముల్లెతో గుంటూరునకు వచ్చి తలదాచుకొనెను. బెజవాడనుండి పోయినది పండ్రెండేండ్లకు కృష్ణ యావలి యొడ్డున కాపురము పెట్టెను. చుట్టము చూపుగా వచ్చి, యుద్ధము తీరగనే మరల వెడలిపోయెను.

అది వెడలిపోవు కాలముననే, 1945లో, బాపట్లలో వ్యవసాయ కళాశాల తెరచిరి. అంతకుముందు మన డెల్టా రైతుబిడ్డ వ్యవసాయమున పట్టము పొందవలెనన్న కోయంబత్తూరు పోవలెను. కొంగునాటి నేల వేరు, మన నల్లరేగడి వేరు, మన తీరపు ఉప్పునేల వేరు. ఎవరి నేలను వారి కాలిక్రింద చూపి పాఠము చెప్పవలసిన విద్య ఇది. ఆ కళాశాల మొదట ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు చేరియుండి, 1964లో వ్యవసాయమునకే ప్రత్యేకముగా విశ్వవిద్యాలయము ఏర్పడగా దానిలో చేరెను.

ఇక బి.పి.టి. 5204ను చూడుడు. 1986లో బాపట్లనుండి విడుదలయైన ఆ వంగడమునకు మూడు వంశములు కలవు. ఒకటి జి.ఇ.బి. 24, కోయంబత్తూరు పరిశోధకులు ఎన్నిక చేసిన సన్నరకము. రెండవది తైచుంగు నేటివు వన్, తైవాను ద్వీపపు పొట్టిపైరు. మూడవది మసూరి, మలయా దేశమునుండి వచ్చినది. రుచి ఒకరిది, పొట్టితనము ఒకరిది, దిగుబడి ఒకరిది. మూడు దేశముల పెండ్లి సంబంధము కుదిర్చిన పురోహితుడు బాపట్ల కళాశాల. అంతకు నాలుగేండ్లు ముందు, 1982లో వచ్చిన మార్టేరు స్వర్ణ సైతము మసూరి వంశపుదే. ఈ రెండు వంగడములు తెలుగుదేశపు టెల్లలు దాటి, ఒరిస్సా, వంగదేశముల పొలములవరకు పోయెను.

నీటి విద్యలోను అట్టి ఫలము కానవచ్చును. బెజవాడకు పదిమైళ్లలోపున నున్న కంకిపాడులో 1902లో పుట్టిన కానూరి లక్ష్మణరావుగారు బాల్యముననే ఒక కంటి చూపు పోగొట్టుకొనిరి. గిండీలో, అనగా టాపింగు నాటిన చెట్టుక్రింద, ఇంజనీరింగు చదివి, తరువాత బర్మింగుహాము విశ్వవిద్యాలయమున 1939లో డాక్టరు పట్టము పొందిరి. మద్యము కాచుటను నేర్పునని ఇందాక నవ్విన బర్మింగుహామే అది! నాగార్జునసాగరమును, దానివంటి మరికొన్ని ఆనకట్టలను రూపొందించుటలో ఆయన చేయి కలదు. బెజవాడ ప్రజలు ఆయనను 1962 నుండి 1977 వరకు లోకసభకు పంపిరి. 1952 సెప్టెంబరులో పాత ఆనకట్టకు గండిపడినపుడు డెల్టాయంతయు గుండెలు చేతబట్టుకొని కూర్చున్న సంగతి వృద్ధులకు జ్ఞాపకమే. నూరేండ్ల కట్టడము విఫలమయ్యెనని కొందరనిరి. ఇసుకమీద నూరేండ్లు నిలిచినదని నేనందును. 1957 కడపట ప్రకాశము బరాజు తెరచిరి. ఈమారు దానిని కట్టుటకు ఇంగ్లండునుండి కెప్టెను రానక్కరలేకపోయెను.

విశ్వవిద్యాలయములు ఒంటరిగా ఉండజాలవని ముందే సూచించితిని. 1912లో లండనున సామ్రాజ్యమందలి విశ్వవిద్యాలయముల మహాసభ జరిగి, మరుసటి యేడు వాని కొరకొక కార్యాలయము వెలసెను. మన దేశమున 1925లో అంతర్విశ్వవిద్యాలయ మండలి యేర్పడెను. 1973 నుండి అది భారతీయ విశ్వవిద్యాలయ సంఘమను పేర నడచుచున్నది. మన ఆంధ్ర విశ్వవిద్యాలయపు చట్టమును ఆ మండలియు ఒకే యేటివి. ఇవి అన్నిరకముల విద్యాపీఠములకును చెందినవి. పనివిద్యకు ప్రత్యేకముగా కూటమి కట్టుట ఇంగ్లండున ఈ మధ్యకాలపు సంగతి.

అచ్చట 1960లనుండి, పాత సాంకేతిక పాఠశాలలను కలిపి ముప్పదికి చేరువగా పాలిటెక్నిక్కులను ఏర్పరచిరి. హాటుఫీల్డున విమానములు తయారుచేయు డీ హావిలాండు కంపెనీ యధ్యక్షుడిచ్చిన భూమిలో నొకటి వెలసియుండెను; కోవెంట్రీలో మోటారు కారుల నిపుణుడు లాంచెస్టరు పేర నొకటి. చాలకాలము వీనికి పట్టములిచ్చు స్వాధికారము లేదు. వేరొక మండలి ఇచ్చుచుండెను. మన జాతీయ కళాశాలకు కలిగిన దుఃఖమే వారికిని! 1992లో చట్టము మారి అవియన్నియు విశ్వవిద్యాలయములయ్యెను. పాతవారు కొందరు 1994లో రస్సెలు హోటలులో కూడి, ఆ హోటలు పేరే తమ కూటమికి పెట్టుకొనిరి. క్రొత్తవారిలో కొందరు 2006లో వేరుగా చేరి, యూనివర్సిటీ అలయన్సు అను కూటమి కట్టిరి. వృత్తివిద్య, పరిశ్రమలకు పనికివచ్చు పరిశోధన, తమ తమ పట్టణముల మేలు — ఇవి వారి ధ్యేయములు. ప్రభుత్వము నిధులు పంచునపుడు పాతపేరు గలవారికే పెద్దవాటా పోకుండ తమ మాట వినిపించుటయు వారి పనిలో భాగమే.

మనవారు కూటమి కట్టక, ఒక్క సంస్థలోనే చేర్చిరి. 1972లో హైదరాబాదు, కాకినాడ, అనంతపురము కళాశాలలను కలిపి జవహర్లాలు నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము ఏర్పరచిరి. 2008లో దానిని మరల విడదీసిరి. కలుపుటకును విడదీయుటకును కారణములు చెప్పుట మనవారికి ఎన్నడును కష్టము గాదు.

బెజవాడ, వాల్తేరునకు పోగొట్టుకొన్నదానికి బదులు తనంత తానే సంపాదించుకొనెను. 1975లో ఊరి పెద్దలు, వర్తకులు, రైతులు కూడి సిద్ధార్థ అకాడమీని స్థాపించి, 1977లో ఇంజనీరింగు కళాశాలను తెరచిరి. 1980లో వైద్య కళాశాల. 1986లో వైద్యవిద్యకే ప్రత్యేకించిన విశ్వవిద్యాలయము విజయవాడలో వెలసెను. బందరున 2008లో కృష్ణా విశ్వవిద్యాలయము. అదే యేట విజయవాడలో కట్టడముల, పట్టణముల నిర్మాణవిద్య నేర్పు కేంద్రసంస్థ. నేడు బెజవాడ నుండి ఏ బాటన పోయినను ఇంజనీరింగు కళాశాల బోర్డు కానరాక పదిమైళ్లు గడువవు. ఇదంతయు పనివిద్యయేనా యని నన్నడిగిన, తటాలున అవునని చెప్పజాలను. మరను ముట్టక మరల శాస్త్రమున ఉత్తీర్ణుడగుట సాధ్యమైనచోట, 1857 నాటి పరీక్షల సంస్థయే వేషము మార్చుకొని వచ్చెనని నా యనుమానము. మీ మనుమని కళాశాలలో చేర్పించుటకు పోయినపుడు భవనములు చూచినంత శ్రద్ధగా పనిశాలను చూడుడు. మరలమీద నూనెమరక యున్నదో ధూళి యున్నదో వ్రేలితో తాకి చూడుడు.

కథ సాంబమసూరి యొద్ద విడిచితిని. ఆ వంగడమునకు బలహీనత యొకటి కలదు: ఆకుఎండు తెగులు. తెగులు తగిలినయేడు ఆకులు అంచులనుండి పసుపెక్కి గడ్డియగుట మీరు చూచినదే. హైదరాబాదులో జీవకణ పరిశోధన చేయు కేంద్రసంస్థయు, వరి పరిశోధన చేయు సంస్థయు కలిసి పనిచేసి, తెగులును తట్టుకొను మూడు జన్యువులను, సంకరము చేసి, ప్రతి తరమున పరీక్షించుచు, ఆ సాంబమసూరిలోనికే దింపిరి. గింజ సన్నదనము చెడలేదు, అన్నపు రుచి మారలేదు. 2008లో అది విడుదలయ్యెను. దోసిట పోసికొని చూచిన పాతదో క్రొత్తదో రైతు గుర్తుపట్టజాలడు. వానకాలము ముగిసి ఆకు పచ్చగా నిలిచిననాడు గుర్తుపట్టును.